ఒక్క బోటు, ఏడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం: టువాలు గస్తీ లెక్కలు

పసిఫిక్ దీవుల దేశం టువాలు అనగానే వాతావరణ మార్పు, మునిగిపోయే దీవులు అన్న మాటలే వినిపిస్తాయి. ఆ దేశం రోజూ ఎలా గడుస్తుంది, దాని సముద్రాన్ని ఎవరు కాస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. తొమ్మిది దీవుల నేల మొత్తం కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. జనం పది, పదకొండు వేలు. ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపల మీద హక్కు ఆ దేశానిదే అయిన సముద్రం, మాత్రం దాదాపు ఏడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. సైన్యం లేదు, నౌకాదళం లేదు. పోలీసు శాఖలో ఒక సముద్ర నిఘా విభాగం ఉంది, దాని చేతిలో ఒకే ఒక పెద్ద గస్తీ బోటు. పేరు టె మటాయిలి. ఇప్పుడున్నది ఆ పేరుతో వచ్చిన మూడోది.

ఇలాంటి బోటు గురించి రాసేవాళ్లు వేగం ఎంత, తుపాకీ ఉందా అని మొదలుపెడతారు. నా దృష్టిలో అవి చివర అడగాల్సిన ప్రశ్నలు. అసలు అడగాల్సింది ఒక్కటే: ఏడాదిలో ఆ బోటు ఎన్ని రోజులు సముద్రం మీద ఉండగలదు? దానికి జవాబు డీజిల్‌లో, ఇంజిన్ గదిలో, సిబ్బంది పట్టికలో దొరుకుతుంది.

ముందు బోటు సంగతి. 1982 సముద్ర చట్ట ఒప్పందంతో చిన్న దీవుల దేశాలకు 200 నాటికల్ మైళ్ల మండలి మీద హక్కు వచ్చింది. కాచుకునే సాధనం మాత్రం వాటి దగ్గర లేదు. అందుకు ఆస్ట్రేలియా 1987 నుంచి 1997 దాకా 12 పసిఫిక్ దేశాలకు 22 గస్తీ బోట్లు కట్టి ఇచ్చింది. పొడవు 31.5 మీటర్లు, రెండు కాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజిన్లు, గరిష్ఠ వేగం 20 నాట్లు. (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు. ఇక్కడ మైలు అన్న చోటల్లా నాటికల్ మైలే.) యుద్ధనౌకల ప్రమాణాలతో కాకుండా వాణిజ్య నౌకల ప్రమాణాలతో కట్టడం ఆ కార్యక్రమంలో తీసుకున్న మంచి నిర్ణయం. అక్కడి మెకానిక్‌కు తెలిసిన ఇంజిను, మామూలు మార్కెట్లో దొరికే పంపు, చిన్న వర్క్‌షాపులోనూ వెల్డింగ్ చేయగల ఉక్కు పెట్టారు. టువాలుకు మొదటి టె మటాయిలి 1994లో వచ్చింది. ఆ తరగతికి మొదట అనుకున్న ఆయుష్షు 15 ఏళ్లు. మధ్యలో రీఫిట్లు, అంటే బోటును పైకెత్తి చేసే పెద్ద మరమ్మతులు చేసి దాన్ని పొడిగిస్తూ పోయారు.

తర్వాతి తరం గార్డియన్ తరగతి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హెండర్సన్‌లో ఆస్టల్ సంస్థ కట్టింది. పొడవు 39.5 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, నిండుగా ఉన్నప్పుడు నీటిలో మునిగే లోతు రెండున్నర మీటర్లు. ఇంజిన్లు రెండు, ఒక్కోటి 2,000 కిలోవాట్లు. 12 నాట్ల వేగంతో 3,000 నాటికల్ మైళ్లు పోగలదు. 23 మందికి పడకలున్నాయి. రబ్బరు అంచుల చిన్న పడవను వెనక భాగంలోని వాలు మీదుగా నీళ్లలోకి వదిలి, అదే దారిన పైకి లాక్కోవచ్చు. ఫిరంగి బిగించడానికి చోటుంది కానీ ఆస్ట్రేలియా ఆయుధాలు లేకుండానే అప్పగిస్తుంది. టువాలుకు టె మటాయిలి-2 ఈ తరగతిలోనే 2019 ఏప్రిల్‌లో అందింది.

ఇప్పుడు డీజిల్ లెక్క. ఈ తరహా డీజిల్ ఇంజిను కిలోవాట్‌కు గంటకు సుమారు 200 గ్రాముల ఇంధనం తాగుతుంది. రెండు ఇంజిన్లూ పూర్తి బలంతో, అంటే 4,000 కిలోవాట్లతో, 20 నాట్ల వేగంతో నడిస్తే గంటకు 800 కిలోలు. లీటర్లలో దాదాపు 950. నీటిని చీల్చుకుపోయే బోటుకు కావలసిన బలం ఉజ్జాయింపుగా వేగానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి 12 నాట్ల దగ్గర అందులో ఐదో వంతు చాలు. గంటకు 200 లీటర్లు చిల్లర. దీన్ని నాటికల్ మైలుకు మార్చి చూడండి: 20 నాట్ల దగ్గర 47 లీటర్లు, 12 నాట్ల దగ్గర 17 లీటర్లు. రాజధాని ఫునాఫుటి నుంచి వాయవ్యాన నానుమేయా దాకా దాదాపు 250 మైళ్లు. పోయి రావడానికి 12 నాట్లతో 42 గంటలు పడుతుంది, ఎనిమిదిన్నర వేల లీటర్లు ఖర్చవుతాయి. 20 నాట్లతో 25 గంటల్లో వచ్చేయొచ్చు, కానీ ఇరవైమూడు వేల లీటర్లు దాటుతుంది. జనరేటర్లు తాగేది వేరే. గస్తీ బోట్లు దాదాపు ఎప్పుడూ 12 నాట్ల చుట్టుపక్కలే నడవడానికి కారణం ఇదే. 20 నాట్లు ఎవరినో తరమడానికో, ప్రాణాపాయంలో ఉన్న మనిషి కోసమో దాచిపెట్టుకునే వేగం.

మరి ఆ వేగంతో ఎంత సముద్రం కనిపిస్తుంది? బోటు రాడార్ నీటికి 12 మీటర్ల ఎత్తున ఉండి, అవతలిది 20 మీటర్ల ఎత్తున్న పెద్ద ట్యూనా ఓడ అయితే, భూమి వంపు వల్ల కనిపించే దూరం పదిహేడు మైళ్ల చిల్లర. రెండు వైపులా కలిపి 35 మైళ్ల పట్టీ. రోజుకు 288 మైళ్లు నడిస్తే దాదాపు 34,500 చదరపు కిలోమీటర్లు చూసినట్టు. మండలి మొత్తాన్ని ఒక్కసారి చుట్టి రావడానికి 22 రోజులు కావాలి. ట్యాంకు నిండా డీజిల్ పోసినా పదిన్నర రోజులకు అయిపోతుంది. ఆ 22 రోజుల్లో ఓడలు ఒక్కచోట నిలబడి మన కోసం ఎదురుచూడవు కూడా. కాబట్టి అటూ ఇటూ తిరుగుతూ వెతకడం అన్న పద్ధతి ఇక్కడ మొదటి రోజే ఓడిపోతుంది. ముందు సమాచారం, తర్వాతే బోటు.

ఆ సమాచారం ఎక్కువగా సోలమన్ దీవుల రాజధాని హోనియారా నుంచి వస్తుంది. పసిఫిక్ దీవుల ఫోరం మత్స్య సంస్థ 1979 నుంచి అక్కడుంది. లైసెన్సున్న ప్రతి విదేశీ ఓడ మీదా ఉపగ్రహ ట్రాకింగ్ పెట్టె ఉంటుంది, దాని సంకేతాలు అక్కడి నిఘా కేంద్రానికి చేరతాయి. ఓడలు తమంతట తాము ప్రసారం చేసే గుర్తింపు సంకేతాలు వేరు. 2017 చివర్లో మొదలైన కార్యక్రమం కింద రెండు కింగ్ ఎయిర్ నిఘా విమానాలు హోనియారా నుంచి, వనువాటు రాజధాని పోర్ట్ విలా నుంచి ఎగురుతున్నాయి. ఏటా కురుకురు, ఐలాండ్ చీఫ్, టుయ్ మోవానా, రాయ్ బలాంగ్ అనే పేర్లతో ఉమ్మడి గస్తీలు జరుగుతాయి. వాటిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫ్రాన్స్, అమెరికాల విమానాలు, నౌకలు కూడా కలుస్తాయి. రాడార్‌లో గానీ ఉపగ్రహ చిత్రంలో గానీ ఓడ కనిపించి, ట్రాకింగ్‌లో మాత్రం ఆ చోట ఎవరూ లేకపోతే, బోటు బయల్దేరాల్సింది అటువైపే.

టువాలు ప్రభుత్వ ఆదాయంలో పెద్ద వాటా చేపల లైసెన్సులదే. ట్యూనా దొరికే నీళ్లున్న దేశాలు నౌరు ఒప్పందం కింద కలిసి ఓడల దినాల పద్ధతి నడుపుతున్నాయి. పెద్ద వలల ఓడ ఆ నీళ్లలో వేటాడిన ప్రతి రోజుకూ రుసుము కట్టాలి. 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 అమెరికన్ డాలర్లు. మోసం ఎక్కడ జరుగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. దొంగచాటుగా, లైసెన్సు లేకుండా వచ్చేవాడి కంటే, లైసెన్సు ఉండి కూడా 'నిన్న వేటాడలేదు, ఇంజిన్ రిపేరు' అని రాసేవాడితోనే ఎక్కువ పని. చేపల గుంపు కోసం వెతకడం కూడా వేట కిందికే వస్తుంది. చేపలు చేరడానికి ఓడలే వదిలే తేలే తెప్ప దగ్గరికి వెళ్లి చూసి రావడం కూడా అంతే. వేట లేని రోజు అని రాసిన రోజున ఓడ నాలుగు తెప్పల చుట్టూ తిరిగినట్టు ట్రాకింగ్ చూపిస్తే అది ప్రశ్నించాల్సిన రోజు.

ఆ ప్రశ్న అడగాలంటే ఓడ ఎక్కాలి. ఎక్కడం ఇలా ఉంటుంది. ముందు ఓడలన్నీ వినే వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్‌లో పిలిచి, వేరే చానల్‌కు మారి, పేరు, కాల్ సైన్, చివరి రేవు, ఎంతమంది ఉన్నారు అని అడుగుతారు. వాళ్లు చెప్పింది రాసుకుని ఓడ పక్కన రాసి ఉన్న గుర్తులతో పోల్చాలి. వల నీళ్లలో ఉంటే దగ్గరికి పోకూడదు. ఆ వల కిలోమీటరున్నర పైన పొడవుంటుంది, అది చిన్న పడవ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది. చేప ఓడలోకి ఎక్కేదాకా ఆగి, గాలి తగలని వైపు నుంచి చిన్న పడవను నాలుగైదు నాట్లతో పక్కకు చేర్చాలి. తాడు నిచ్చెన మెట్లు, ముడులు ముందు చూసుకోవాలి. పడవ అల మీద పైకి లేచినప్పుడే నిచ్చెన అందుకోవాలి. కింద ఉన్నప్పుడు అందుకుంటే తర్వాతి అల పడవను మోకాళ్ల మీదికి ఎత్తి కొడుతుంది. సంచి వీపున ఉండకూడదు, చేతులు ఖాళీగా ఎక్కి తర్వాత తాడుతో లాక్కోవాలి. ఇద్దరు చిన్న పడవలోనే ఉండి ఓడ పక్కనే నడుపుతూ ఉండాలి.

పైకి వెళ్లాక మొదటి పని జీపీఎస్. మన చేతిలోని పరికరం, వాళ్ల బ్రిడ్జిలోని పరికరం, రెండింటి అంకెలూ ఒకే నిమిషంలో ఒకే ఫొటోలో రావాలి. టువాలులో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దీవులన్నీ 176, 180 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నాయి, మండలి మాత్రం 180 డిగ్రీల గీత దాటి పడమటి రేఖాంశాల్లోకి పోతుంది. 179 డిగ్రీల 50 నిమిషాల తూర్పుకూ అదే అంకె పశ్చిమానికీ మధ్య ఇరవై మైళ్లు తేడా. ఒక్క అక్షరం తప్పు రాస్తే ఓడ సరిహద్దుకు అవతల ఉందని వాదించడానికి లాయరుకు దారి దొరుకుతుంది. సమయం కూడా అంతే. టువాలు గడియారం ప్రపంచ ప్రామాణిక సమయానికి 12 గంటలు ముందు. ఓడ లాగ్‌బుక్కు ఏ సమయంలో రాస్తున్నారో మొదటే అడిగి రాసుకోకపోతే, సగం రోజు తేడాతో తేదీయే మారిపోతుంది. ఆ తర్వాత కాగితం మీద అది వేరే రోజు, వేరే నేరం.

ఆ పైన కాగితాలు: లైసెన్సు, సిబ్బంది జాబితా, చేపల లాగ్, ఇంజిన్ లాగ్, చల్లని ఉప్పునీటి తొట్ల పట్టిక. తొట్లకు అంకెలుంటాయి, ఏ తొట్టిలో ఏ రోజు పట్టిన చేప ఎన్ని టన్నులుందో ఆ పట్టికలో రాసి ఉంటుంది. లాగ్‌లో 180 టన్నులు అని ఉండి పట్టికలో 240 కనిపిస్తే తొట్టి మూత తీయించాలి. ఇంజిన్ రిపేరు అని చెప్పిన రోజున ఇంజిన్ లాగ్‌లో గంటలు ఎలా పెరిగాయో చూడాలి, ఆ పుస్తకాన్ని దిద్దడం చాలామంది మర్చిపోతారు. పెద్ద వలల ఓడల మీద 2010 నుంచి వేటను చూసి రాసుకునే పరిశీలకుడు తప్పనిసరి. ఆ మనిషితో కెప్టెన్ ముందు మాట్లాడకూడదు. మనం దిగిపోయాక వారాల తరబడి అదే ఓడలో ఉండాల్సింది ఆయనే. పొడవు తాళ్ల గాలాల ఓడ అయితే సొరచేప రెక్కలు, గాలం పైన ఉక్కు తీగ వాడారా అన్నవి చూడాలి. గడ్డకట్టిన గదిలో అడుగునున్న సంచులు కూడా తీయించాలి, ఎందుకంటే దాచేది అడుగునే.

తప్పు దొరికితే ఓడను ఫునాఫుటికి తీసుకురావచ్చు. చట్టం ఇక్కడ రెండు విషయాల్లో కచ్చితంగా ఉంటుంది. సముద్ర చట్టం 73వ అధికరణం ప్రకారం తగిన పూచీకత్తు కడితే ఓడను, సిబ్బందిని త్వరగా వదిలేయాలి. ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే చేపల నేరానికి జైలు శిక్ష వేయకూడదు. 111వ అధికరణం వెంటాడే హక్కు గురించి: వెంటాడటం మన మండలిలోనే మొదలవ్వాలి, ఆగమన్న సంకేతం అవతలివాడికి కనిపించేలా లేదా వినిపించేలా ఇవ్వాలి, మధ్యలో తెగిపోకూడదు, అది వేరే దేశం ప్రాదేశిక జలాల్లోకి పోగానే ఆగాలి. మధ్యలో రాడార్ ఆగిపోయి గంటసేపు ఓడ జాడ తప్పితే ఆ హక్కు పోయినట్టే. అందుకే సంకేతం ఇచ్చిన నిమిషం నుంచి ఒక మనిషి పని రాయడమే, ఇంకో పని చెప్పకూడదు.

దీవుల మధ్య తిరగడం దీనికి పూర్తిగా వేరే విద్య. ఫునాఫుటి లగూన్ 275 చదరపు కిలోమీటర్లు, లోతైన నీళ్లు, ఓడలు దూరగల దారులున్నాయి. నుకుఫెటావుకూ దారి ఉంది. నియుటావో, నానుమాంగా, నియులకిటాలకు అలాంటిది లేదు. అక్కడ పగడపు గట్టు అంచు దాటగానే అగాధమే, లంగరు వేయడానికి అడుగు అందదు. బోటు గాలి తగలని వైపు ఇంజిన్లు ఆపకుండా తేలుతూ నిలబడాలి. చిన్న పడవలు పోటు చూసుకుని గట్టులోని సన్నని చీలిక గుండా మనుషుల్ని, మందుల్ని, రోగుల్ని చేరవేస్తాయి. పాటు మీద పోతే ఆ చీలికలో అల విరుగుతుంది.

ఇలా గంటల తరబడి నిలబడటం ఇంజిన్లకు కూడా మంచిది కాదు. 2,000 కిలోవాట్ల డీజిల్ ఇంజిను తక్కువ లోడుతో చాలాసేపు తిరిగితే లోపల వేడి చాలక ఇంధనం పూర్తిగా మండదు. మసి, జిడ్డు పొగగొట్టంలో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోలో పేరుకుంటాయి. అక్కడి నుంచి కదిలాక ఓ గంటసేపు లోడు పెంచి నడిపి కాల్చేయాలి. డీజిల్ మిగల్చాలని ఆ గంట మానేస్తే, ఆరు నెలల తర్వాత టర్బో విప్పాల్సి వస్తుంది. అప్పుడు పోయేది వారాలు.

ఇంజిన్ గది గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే గస్తీ రోజులు ఎక్కువగా కరిగిపోయేది అక్కడే. సముద్రపు నీరే 29, 30 డిగ్రీలుంటుంది కాబట్టి చల్లబరిచే నీటికీ ఇంజినుకూ మధ్య మిగులు తక్కువ. నీళ్లు లాగే చోట జల్లెడలో నాచు, గవ్వపురుగు సగం పట్టినా ఉష్ణోగ్రత మెల్లగా ఎక్కుతుంది. అలారం మోగేదాకా ఆగే ఇంజనీరు ఆలస్యమైనట్టే. ప్రతి కాపలా మార్పుకూ అంకె రాసి, నిన్నటి అంకెతో పోల్చాలి. ఒకే వేగంలో రెండు డిగ్రీలు ఎక్కువుంటే జల్లెడ తీయాలి, అది శుభ్రంగా ఉంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ వైపు చూడాలి. అందులోని జింక్ కడ్డీలు అరిగిపోతే ఉప్పునీరు గొట్టాలను తినడం మొదలుపెడుతుంది.

డీజిల్‌లో నీరు అంతకంటే మామూలు జబ్బు. వేడి, తేమ ఉన్న చోట ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురవుతాయి. ట్యాంకు ప్రశాంతంగా ఉన్నన్నాళ్లూ ఏమీ తెలియదు. అల ఎక్కువున్న రోజున ఆ జిగురు కదిలి ఫిల్టర్లను మూసేస్తుంది, అంటే ఇంజిను ఎప్పుడు ఆగకూడదో సరిగ్గా అప్పుడే ఆగుతుంది. కాపలాకు ఒకసారి, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే గిన్నె కింది కొళాయి తిప్పి నీరు వదలాలి. నింపేటప్పుడు ముందు గాజు సీసాలో పట్టి పదిహేను నిమిషాలు నిలబెట్టి చూడాలి. ఫిల్టర్లు మామూలుగా కావలసినదానికి మూడింతలు ఓడలో ఉండాలి. ఫునాఫుటిలో అడగ్గానే దొరికే వస్తువు కాదది.

సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రాన్ని లగూన్‌లో ఆన్ చేయకూడదు. అక్కడి సన్నటి పగడపు మట్టి దాని వడపోత పొరల్ని పూడ్చేస్తుంది, గట్టు దాటి లోతు నీళ్లలోకి వచ్చాకే నడపాలి. చిన్న పడవ ఇంజిన్లను వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. ఆ నీళ్లు మిగల్చాలని చూడటం దండగ.

గార్డియన్ తరగతిలో కట్టడంలోనే కొన్ని లోపాలు బయటపడ్డాయి, 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వమే వాటిని ప్రకటించింది. ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే కప్లింగ్‌లో పగుళ్లు ఒకటి. స్టీరింగ్ గదిలోకి పొగగొట్టం నుంచి కార్బన్ మోనాక్సైడ్ చేరడం రెండోది. మామూలుగా అక్కడ మనిషి ఉండడు, కాబట్టి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ స్టీరింగ్ చెడినప్పుడు చేత్తో తిప్పడానికి పోవాల్సింది అదే గదిలోకి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. వాయువు కొలిచే పరికరం ముందు దించి చూడకుండా, గాలి ఆడించకుండా, బయట ఇంకో మనిషిని నిలబెట్టకుండా లోపలికి పోకూడదన్న నియమం మరమ్మతు అయ్యాక కూడా ఉంచాల్సిందే.

తప్పిపోయిన పడవల్ని వెతకడం ఈ బోటు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. గట్టు బయట ట్యూనా కోసం పోయిన చిన్న పడవకు ఒకటే ఇంజిను, అది ఆగితే ప్రవాహం పడమటికి లాగుతుంది. గంటకు ఒక మైలు అనుకుంటే రెండు రోజుల్లో 48 మైళ్లు. దిశ అటూ ఇటూ ముప్పై డిగ్రీలు తేడా ఉండొచ్చనుకుంటే వెతకాల్సిన చోటు 1,200 చదరపు నాటికల్ మైళ్లు. అంత చిన్న పడవ రాడార్‌కు సరిగా అందదు, కంటితోనే చూడాలి, కాబట్టి ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య మైలున్నరకు మించి దూరం పెట్టలేం. 12 నాట్లతో, పగటి వెలుగు 11 గంటలు, రోజుకు 200 చదరపు మైళ్లు. ఆరు రోజుల పని, అదీ ఆ చోటు పెరగకుండా ఉంటే. అది రోజూ పెరుగుతుంది. అందుకే కబురు అందిన గంటలోనే ఫిజీలోని రక్షణ సమన్వయ కేంద్రానికి చెప్పి విమానం అడగాలి, బోటు వెతికి దొరక్కపోతే చూద్దాం అనుకోకూడదు. ఆ పడవలో ఉపగ్రహం ద్వారా తన చోటు చెప్పే ఒక చిన్న అత్యవసర బీకన్ ఉంటే ఈ లెక్కంతా అక్కర్లేదు, నేరుగా అక్కడికే పోవచ్చు. ఒక బీకన్‌కు పెట్టే డబ్బు, గస్తీ బోటు పూర్తి వేగంతో ఒక గంట తాగే డీజిల్ ఖరీదును మించదు. గస్తీ బడ్జెట్లో మొదటి వరుస బీకన్లదే కావాలి.

ఇక పగడపు గట్లు. సమోవా బోటు నఫానువా-2 2021 ఆగస్టులో సవాయి దీవి దగ్గర గట్టెక్కింది, తర్వాత అది బాగు చేయడానికి వీల్లేనిదని తేల్చారు. 2024 జూన్‌లో ఫిజీ బోటు పువామావు మొదటి గస్తీలోనే లావు దీవుల్లో ఫులాంగా దగ్గర గట్టుకు తగిలింది. ఈ సముద్రాల్లో చాలాచోట్ల చార్టులు పాత కొలతలతో గీసినవి, ఉపగ్రహం చెప్పే చోటుకూ కాగితం మీది గట్టుకూ తేడా ఉంటుంది. తెర మీద బోటు బొమ్మ సురక్షితమైన నీలంలో కనిపిస్తుంటే అది నిజమని నమ్మడమే ప్రమాదం. దీవి దగ్గర రాడార్‌తో, కంటితో దూరం కొలిచి తెరతో సరిపోల్చాలి. గట్ల మధ్యకు పోయేది సూర్యుడు ఎత్తులో, వెనక ఉన్నప్పుడే. అప్పుడే లోతు రంగుల్లో కనిపిస్తుంది. ఎదురెండలో నీరంతా ఒకే వెండి రంగు. పోలరాయిడ్ కళ్లద్దాలతో ఒక మనిషి ఎత్తున నిలబడాలి.

టె మటాయిలి-2 పోయింది గట్టు వల్ల కాదు, తుఫాను వల్ల. 2023 మార్చి మొదటి వారంలో జూడీ, కెవిన్ అనే రెండు తుఫానులు రెండు రోజుల తేడాతో వనువాటును తాకాయి. అక్కడున్న ఆ బోటు బాగు చేయలేనంతగా దెబ్బతింది. 2024లో టె మటాయిలి-3 వచ్చేదాకా దేశానికి సొంత పెద్ద గస్తీ బోటు లేదు.

ఒకే బోటున్న దేశానికి ఇది ఎప్పుడూ ఉండే ముప్పు. ప్రమాదం జరగకపోయినా సరే, పెద్ద మరమ్మతులకు ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ దాకా పోవాలి, బోటును నీళ్లలోంచి పైకెత్తే స్లిప్‌వే ఫునాఫుటిలో లేదు. ఎంత బాగా నడిపినా రీఫిట్ ఏడాదిలో గస్తీ రోజులు బాగా తగ్గిపోతాయి. సిబ్బంది సంగతీ అంతే. శిక్షణ ఆస్ట్రేలియాలో జరుగుతుంది. పది, పదకొండు వేల జనాభాలో సర్టిఫికెట్ ఉన్న ఇంజనీరు చేతివేళ్ల మీద లెక్క, సరకు ఓడలు వాళ్లకు ఎక్కువ జీతం ఇస్తాయి. ఇద్దరు ఇంజనీర్లలో ఒకరు శిక్షణకు పోయి, ఒకరికి జబ్బు చేస్తే బోటు బాగున్నా రేవులోనే ఉంటుంది.

రీఫిట్‌కు పోయే తేదీ ఏడాది ముందే తెలుస్తుంది కాబట్టి ఆ ఖాళీని ముందే పంచుకోవచ్చు. నియుయె ఒప్పందం 1992 నుంచి ఉంది, దాని కింద పొరుగు దేశం బోటు టువాలు అధికారిని ఎక్కించుకుని టువాలు నీళ్లలో గస్తీ తిరగొచ్చు. బోటు కెయిర్న్స్‌కు బయల్దేరే ముందే ఆ ఏర్పాటు కాగితం మీద సంతకమై ఉండాలి. ఉమ్మడి గస్తీల్లో ఒకటి ఆ నెలల్లోనే పడేలా అడగాలి. రెండు వర్క్‌బోట్లు, వీహెచ్ఎఫ్ రేడియోలు, బీకన్లు ఫునాఫుటి రేవులో సిద్ధంగా ఉండాలి. బయటి దీవులకు మందులు, రోగులు ఆ నెలల్లో ఏ ఓడ మీద పోతారో ఒక్కో దీవి పేరు ఎదుట రాసి, ఆ కాగితం ఆరోగ్య శాఖకూ దీవుల కౌన్సిళ్లకూ ముందే అందాలి.